గుళ్ళో మోగిన పద్యం

ఆదివారం పూట గుళ్ళో హార్మోనియం వాయించే మనిషికి మిగతా ఆరు రోజులూ వేళ్ళు ఊరుకోవు. ఈ సంగతి దేవుడికి తెలుసు, మా అమ్మకి తెలుసు. గుడి పాస్టరు వరప్రసాదరావు అయ్యగారికి మాత్రం తెలియకూడదని ఆ ఎండాకాలమంతా మేం ప్రాణాలు ఉగ్గబట్టుకుని బతికాం.

యాభై ఏడో సంవత్సరం. నందిగామ ఊరి చివర, జగ్గయ్యపేట రోడ్డుకి దిగువన మా పేట. పేటలో మిషను బడి, బడి పక్కన గుడి, గుడి పక్కన మేముండే పెంకుటిల్లు. మూడూ మిషనువే. మా నాన్న ఆశీర్వాదం ఆ బళ్ళో మేష్టరు. ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ ఇల్లు. అది పోతే మాకు సెంటు నేల లేదు, చేరగిలబడడానికి సొంత గోడ లేదు. నేను టీచరు ట్రైనింగు పూర్తిచేసి వచ్చి, ఉద్యోగం ఎప్పుడిస్తారా అని చూస్తూ ఇంట్లో కూచున్నాను. పనిలేని దాన్ని కాబట్టి అన్నీ నా కళ్ళబడ్డాయి.

నాన్న తాగడు, చుట్ట కాల్చడు, పేకముక్క ముట్టడు. ఆయనకున్న సరదా అంతా కలిపి పెట్టె వాయించడమే. గుళ్ళో ఉన్న చేతిపెట్టె ఎవరో దొరసాని వెళ్ళిపోతూ ఇచ్చిందట. దాని మీదే, ఎవరూ నేర్పకుండా, పట్టుదలగా నేర్చుకున్నాడు. సాయంత్రం బడి వదిలాక గుడి తాళం తీసి, "కీర్తనలు సరిచూసుకోవాలి" అని కూచునేవాడు. మాకొచ్చిన పది కీర్తనలు సరిచూసుకోవడానికి రోజూ అంతసేపెందుకని అడిగే బుద్ధిమంతుడు పేటలో ఎవడూ లేకపోయాడు.

ఊళ్ళో దశరథరామయ్య అని ఒక రైతు ఉండేవాడు. మిరపతోటలు, మిరపకాయల కొట్టు, వాటికి తోడు నాటకాల పిచ్చి. రాజువేషం కడితే ఆయనే కట్టాలి అనేవారు. ఒకనాటి సాయంత్రం బండి మీద పోతూ గుళ్ళోంచి వచ్చే పెట్టె చప్పుడు విని దిగాడు. లోపలికి రాలేదు, కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను గుడి ముందు ఊడుస్తున్నాను.

"మేష్టరూ, వాయించేది నువ్వేనా? నేనింకా బెజవాడ నుంచి ఎవర్నో పిలిపించారనుకున్నా" అన్నాడు.

నాన్న లేచి నిలబడ్డాడు.

"మా హార్మోనిస్టు వేరే నాటక సమాజం వాళ్ళతో ఎగిరిపోయాడయ్యా. జగ్గయ్యపేటలో నాటకం ఒప్పుకుని కూచున్నా. నువ్వొచ్చి గట్టెక్కించాలి."

"మేం నాటకాలు చూడకూడదండి" అన్నాడు నాన్న.

"చూడమని ఎవడన్నాడు? తల వంచుకుని వాయించు."

నాన్న నవ్వాడు. ఆ నవ్వు చూడగానే నేను ఊడవడం ఆపేశాను. ఎందుకంటే ఆ ఈస్టరు పండక్కే అయ్యగారు ప్రసంగం ఆపి మరీ చెప్పారు. ఎక్కడో మన్యం వైపు ఒక మిషను మేష్టరు మొహానికి రంగేసుకుంటే తీసేశారట. "నాటకంలో చెయ్యిపెట్టినవాడు ప్రభువు బల్లకి రొట్టె అందుకోడానికి రాకూడదు, బళ్ళో పాఠం చెప్పకూడదు" అన్నారు. ఆ మాటకి తలలూపినవాళ్ళలో సగంమంది అంతకుముందు వారమే ఊళ్ళో నాటకానికి గోనెసంచులు చంకన పెట్టుకుని పోయి, తువ్వాళ్ళు మొహానికి చుట్టుకుని, తెల్లారేదాకా వెనక వరసలో కూచుని వచ్చినవాళ్ళే. చూసినవాళ్ళకి పోయేది లేదు. జీతం తీసుకునేవాడికి కదా మెడ మీద కత్తి.

మా అమ్మ రత్నమణి ఇందులో వేరే మనిషి. ఇంటింటికీ తిరిగి బైబిలు చదివి చెప్పిన తల్లికి పుట్టింది. నాటకమన్నది ఎన్నడూ చూసి ఎరగదు, పద్యం చెవినబడితే తలుపేసుకునేది. నాన్న రిహార్సల్సుకి పోతున్నాడని తెలిసిన రోజు ఆమె అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏవండీ, మీ వేళ్ళ దురదకి మా నెత్తిన కప్పు పోవాలా?"

"ఒక్క నాటకమే రత్నం. అయిపోతే మళ్ళీ పోను."

"కల్లు తాగేవాడు కూడా అదే మాటంటాడు. గుళ్ళో ఉందిగా పెట్టె. దాన్ని వాయించుకుంటే చాలదా?"

నాన్న ముద్ద కలుపుతూ ఆగాడు. "కీర్తన ఎటు పోద్దో నాకు ముందే తెలుసు. పద్యం ఎటు పోద్దో పాడేవాడికే తెలీదు. వాడెనకాల పడి పోవాల. ఒక్కోసారి వాడికంటే ముందే పోయి, మలుపులో వాడి కోసం నిలబడాల. వాడొచ్చి కలుసుకుంటాడే, అప్పుడుంటది చూడూ..."

"నేను చూడక్కర్లేదు" అంది అమ్మ. "కృపా, బుధవారం మీ నాన్నతో నువ్వూ వెళ్ళు. ప్రార్థన కూటం టయానికి ఈయన్ని ఇంటికి తోలుకురా."

అట్లా నేను దశరథరామయ్య మిరపకాయల కొట్టు చూశాను. బస్తాలన్నీ ఒక పక్కకి నెట్టి, మధ్యలో చాపలు పరిచారు. ఘాటుకి రాజూ మంత్రీ పద్యం మధ్యలో దగ్గుతున్నారు. కాలితో తొక్కి వాయించే వాళ్ళ కాళ్ళపెట్టె గోడ వారగా ఉంది, దాని ముందు నాన్నకి విడిగా ఒక పీట. అందరికీ ఇత్తడి గ్లాసుల్లో టీ వచ్చింది. నాన్నకి గాజుగ్లాసులో ఇచ్చారు. తాగాక దాన్ని నాన్నే కడిగి, కిటికీలో బోర్లించి వచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మర్యాద కోసమా మనం ఇల్లు పోగొట్టుకోవడానికి సిద్ధపడింది అని అక్కడే కడిగేద్దామనుకున్నాను.

ఇంతలో దశరథరామయ్య రాగం ఎత్తుకున్నాడు. మోహన. మనిషి మొరటే గానీ గొంతు మొరటు కాదు. పైకి పోయి, అక్కడ ఊగి, ఇక దిగుతాడనుకుంటే ఇంకాస్త పైకి పోయాడు. నాన్న వంగిపోయి వాయిస్తున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బళ్ళో రెండో ఎక్కం చెప్పీ చెప్పీ అరిగిపోయిన మొహం కాదది. దశరథరామయ్య దమ్ము విడిచేసరికి నాన్న వేళ్ళు అతన్ని అందుకుని, గిరగిరా తిప్పి, నేల మీద మెల్లగా దించాయి. మూలన బస్తా మీద కూచున్న తబలా రత్తయ్య అలవాటుగా "వన్స్ మోర్" అని అరిచాడు. మా వైపు నాటకాల్లో పద్యం బాగుంటే జనం ఆ ఇంగ్లీషు ముక్క అరవాలి, పాడినవాడు మళ్ళీ పాడాలి. అది రివాజు.

నేను కూడా నవ్వాను. నాన్న నా వైపు చూసి సిగ్గుపడ్డాడు. ఆయన్ని అంత సంతోషంగా నేను అదివరకు చూడలేదు. టీ గ్లాసు సంగతి ఆయనతో ఎత్తడానికి నోరు రాలేదు.

తిరిగొస్తుంటే పేట మొగలో సంఘపెద్ద కొండలరావు సైకిలు దిగాడు. మా దగ్గరికి వచ్చి రెండుసార్లు తుమ్మాడు.

"ఎక్కడ్నించి మేష్టారూ? మీ మీద మిరప ఘాటు గుప్పుమంటంది."

"కాయలు బేరమాడదామని పోయామండి" అన్నాడు నాన్న.

"మరి కాయలేవీ?"

"బేరం కుదర్లా" అన్నాను నేను.

కొండలరావు మా ఇద్దరి ఉత్త చేతులూ చూశాడు. "ఎండాకాలం పోయేదాకా బేరం తెగేట్టు లేదే" అని సైకిలెక్కాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ సరిగా తినలేదు.

అమ్మ అప్పటినుంచి నాన్నని కాపలా కాసింది. బట్టలు విడిగా నానబెట్టేది, ఘాటు పోవాలని కుంకుడు రసం పోసి పిండేది. ఎవరు వాకిట్లోకి వచ్చినా ఉలిక్కిపడేది. నాటకం దగ్గరపడే కొద్దీ నాన్న నిద్రలో కూడా పక్క మీద వేళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు. భోంచేస్తూ పీట అంచు మీద వాయించేవాడు. అమ్మ గరిటెతో ఆ చేతి మీద ఒకటి వేసేది.

ఆ ఆదివారం గుడి నిండుగా ఉంది. మగవాళ్ళు ఒక వైపు చాపల మీద, మేం ఒక వైపు. ప్రసంగం అయింది. చివరి కీర్తన ఎత్తారు. ఖర్మం కొద్దీ అదీ మోహనే. ఎండకి అందరికీ కళ్ళు మూతలు పడుతున్నాయి, సాగదీసి సాగదీసి పాడుతున్నారు. ఆఖరి చరణం అయిపోయింది. అక్కడ నాన్న ఒక్క స్వరం పట్టి, "ఆమేన్"కి దారివ్వాలి. ఎన్నేళ్ళుగానో చేస్తున్న పని.

దారివ్వలేదు. వేళ్ళు పైకి పోయాయి. అక్కడ ఊగాయి. ఆపు నాన్నా, ఆపు అని లోపల అనుకుంటూనే ఉన్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. కొట్లో వాయించినట్టే గిరగిరా తిప్పి, మెల్లగా తెచ్చి నేల మీద దించాడు.

"వన్స్ మోర్" అన్నాడు పుల్లయ్య తాత.

పేటలో ఎద్దుబండి తోలుకునే పుల్లయ్య తాత వెనక గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. నిద్రలో గోనెసంచి మీద కూచున్నాననుకున్నాడో ఏమో, అరిచి, చప్పట్లు కూడా కొట్టాడు. ఎవరో కుర్రాడు కిసుక్కుమన్నాడు. తరవాత మొగాళ్ళ వైపున్న తలలన్నీ ఒక్కసారిగా కిందికి వాలిపోయాయి. ఆ ముక్క ఎక్కడిదో తెలియని మొహం ఒక్కటీ లేదు. నాన్న కళ్ళు తెరిచి, తన చేతుల వంక చూసుకున్నాడు. అయ్యగారు దీవెన చెప్పడానికి ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏమైందే? తాత ఎందుకరిచాడు? అందరూ అట్లా ఉన్నారేంటి?"

గుడి మొత్తంలో అర్థంకానిది ఆమె ఒక్కదానికే. నేను చెవిలో చెప్పాను. ఆమె నా మోచెయ్యి వదల్లేదు.

ఆ సాయంత్రమే గుళ్ళో పెద్దలు కూచున్నారు. మేం ఇంట్లోంచే వినొచ్చు, గోడ అడ్డం అంతే. కొండలరావు మిరపకాయల బేరం దగ్గర్నుంచీ మొత్తం చెప్పాడు. నాన్న కాదనలేదు. అయ్యగారు చెడ్డమనిషి కాదు. అరిచే మనిషీ కాదు. అందుకే ఎక్కువ భయమేసింది.

"మేష్టారూ, పైవాళ్ళకి నేను రాశానంటే మీ ఉద్యోగం నిలవదు. రాయాలని నాకూ లేదు. వచ్చే ఆదివారం సంఘం ముందు లేచి, తప్పయింది, ఇకమీదట నాటకాల జోలికి పోనని ఒక్క మాట చెప్పండి. అంతటితో మర్చిపోదాం."

"అట్లాగేనండి" అన్న నాన్న గొంతు వినబడింది. అమ్మ గోడకి ఆనుకుని కిందికి జారి కూచుంది. "బతికాం తల్లీ" అంది నాతో.

పుల్లయ్య తాత మర్నాడు వచ్చి మా వాకిట్లో చతికిలబడ్డాడు. "రత్నమ్మా, ఈ నాలిక కోసి నీ చేతిలో పెట్టనా?" అన్నాడు. "నీ నాలికతో నేనేం చేసుకోను, మజ్జిగ తాగి పో" అంది అమ్మ. మాట వరస తేలికగానే ఉంది గానీ వారమంతా ఆమె నాన్నని కుదురుగా నిలవనివ్వలేదు. బాప్తిస్మానికి ముందు పిల్లలకి ప్రశ్నోత్తరాలు బట్టీ పట్టించినట్టు పట్టించింది.

"లేచి ఏమంటారు?"

"తప్పయింది అంటా."

"తరవాత?"

"ఇకమీదట ముట్టను అంటా."

"అంతే. మూడో మాట వద్దు. శనివారం పోయి దశరథరామయ్యకి కూడా చెప్పేసి రండి."

శనివారం నాన్న పొద్దున్నే పోయాడు. ఎండెక్కింది, పొద్దు వాలింది. అమ్మ గడపలోకీ లోపలికీ తిరుగుతూనే ఉంది. దీపాలవేళకి వచ్చాడు. దగ్గరికి రాకముందే ఘాటు వచ్చింది.

"చెప్పారా?" అంది అమ్మ.

నాన్న చెప్పులు విడిచాడు. "చెప్పడానికే పోయా. రత్తయ్య అప్పటికే తబలా బిగిస్తన్నాడు. ఈ ఒక్కసారికీ అని కూచున్నా."

అమ్మ విరుచుకుపడుతుందనుకున్నాను. ఆమె కంచం పెట్టింది. వడ్డించింది. ఆయన తింటున్నంతసేపూ ఎదురుగా కూచుని ఆయన మొహం వంకే చూసింది. "రేపు మాత్రం ఆ రెండు మాటలూ అనండి" అంది చివరికి.

ఆదివారం ఎవరూ కునుకు తీయలేదు. పక్క పేటల వాళ్ళు కూడా వచ్చి తలుపుల దగ్గర నిలబడ్డారు. కీర్తనలు పెట్టె లేకుండానే పాడారు, నాన్నని దాని దగ్గర కూచోనివ్వలేదు. పెట్టె మీద గుడ్డ కప్పి ఉంది. ప్రసంగం అయ్యాక అయ్యగారు తల ఊపారు. నాన్న లేచాడు. ఉతికిన జుబ్బా వేసుకున్నాడు, అమ్మే తొడిగింది.

"తప్పయింది" అన్నాడు.

అమ్మ పెదాలు కూడా ఆయనతో పాటు కదిలాయి.

"గుళ్ళో ఆ ముక్క వాయించడం తప్పు. దేవుడి పాట మధ్యలో పెట్టకూడదు. సంఘం క్షమించాల" అన్నాడు. ఆగాడు.

"ఇకమీదట?" అన్నారు అయ్యగారు, అందించేవాడిలాగా.

నాన్న నేల వంక చూశాడు. "కొట్లో వాయించింది కూడా తప్పని నా నోటికి రావట్లేదండి. పోనని మాటిచ్చినా నేను మళ్ళీ పోతా. అబద్ధమాడినట్టవుద్ది."

అంతే అన్నాడు. గొంతు పెంచలేదు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కొండలరావు కూడా తల ఎత్తలేదు. పుల్లయ్య తాత మాత్రం లేచి, "అరిచింది నేనండయ్యా, నన్ను ఆపండి బల్లకి" అన్నాడు. "కూచో పుల్లయ్యా" అన్నారు అయ్యగారు మెల్లగా.

అప్పుడు అమ్మ లేచింది. చాపల మీద కూచున్న ఆడవాళ్ళని దాటుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది. ఆమె అభిమానం నాకు తెలుసు. పేట బయట దిగుడుబావి ఉంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

బావి దగ్గర లేదు. ఇంట్లో ఉంది. అటక మీది సామాను దించుతోంది. ఇత్తడి బిందె, ఇనపపెట్టె, నా ట్రైనింగు పుస్తకాలు వరసగా నేల మీదికి వస్తున్నాయి.

"ఏం చేస్తన్నావమ్మా?"

"కనబడట్లా? పుల్లయ్య మావని బండి అడుగు. రేపు జగ్గయ్యపేట పోదాం. బేబి ఇంట్లో చావిడి ఖాళీగానే ఉంది." బేబి అంటే మా పిన్ని.

"నాన్నతో ఇంకోసారి మాట్లాడు. నువ్వు చెబితే ఒప్పుకుంటాడు" అన్నాను. నాకు ఏడుపొస్తోంది. నా ఉద్యోగం కూడా ఆ మిషను చేతిలోదే మరి.

అమ్మ బిందె కింద పెట్టి నడుం పట్టుకుంది. "నేను ఏడిస్తే ఒప్పుకుంటాడు, నాకు తెలుసు. నిన్న అన్నం తింటా ఆయన మొహం చూశావా? ఒప్పించాక ఆ మొహం ఉండదు. మిగిలిన మొహాన్ని రోజూ చూడాల్సింది నేను, అయ్యగారు కాదు. తాడు పట్రా."

నేను తాడు తెచ్చాను. ఇద్దరం కట్టాం. నాన్న వచ్చి గుమ్మంలో నిలబడి, కట్టిన మూటలు చూసి, ఇంకో తాడందుకున్నాడు.

దశరథరామయ్య కబురంపాడు, నాటకం కానివ్వండి, తరవాత ఏదన్నా చూద్దామని. చూసే మొహం కాదని మా అందరికీ తెలుసు. మర్నాడు పొద్దున్నే అయ్యగారు తాళంచెవుల కోసం స్వయంగా వచ్చారు. "ఇప్పటికైనా ఆలోచించుకోండి మేష్టారూ, ఉత్తరం ఇంకా పోస్టు చెయ్యలేదు" అన్నారు. నాన్న ఇంటి తాళంచెవి ఇచ్చాడు, బడిది ఇచ్చాడు. గుడిది ఇవ్వడానికి కాస్త ఆలస్యమైంది. ఇచ్చి దణ్ణం పెట్టాడు. పేటలోవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు, ఒకళ్ళిద్దరు ఆడవాళ్ళు ఏడ్చారు. ముందుకొచ్చి మాట్లాడే ధైర్యం ఎవరికీ లేదు.

పుల్లయ్య తాత బండి తోలాడు. నాన్న బండి వెనక కాళ్ళు వేలాడేసుకుని కూచున్నాడు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరివో అన్నట్టు. లారీలు దుమ్ము రేపుకుంటూ హైదరాబాదు వైపు పోతున్నాయి. చిల్లకల్లు ఊరు దాటాక అమ్మ ఉన్నట్టుండి అంది.

"ఏదీ, ఆ పద్యం పాడండి."

నాన్న తిరిగి చూశాడు. "ఏ పద్యం?"

"ఎన్నున్నాయేంటి? మన ఇల్లు మింగిందే, అది. అందరూ పాడగా విన్నారు, నేనే వినలా."

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఆయనకి వాయించడమే తప్ప పాడటం రాదు. రాగం తీశాడు. పైకి పోయేసరికి గొంతు పగిలింది. అక్కడ ఊగాల్సిన చోట ఊగలేకపోయాడు, దగ్గొచ్చింది. దశరథరామయ్య రెండు దమ్ముల్లో పాడేదాన్ని ఆయన ముక్కలు ముక్కలుగా, దిక్కులు చూస్తూ పూర్తిచేశాడు. నాకు చెవులు మూసుకోవాలనిపించింది, జాలికి.

"ఇదేనా?" అంది అమ్మ.

"పెట్టె లేకపోతే ఇంతే" అన్నాడు నాన్న.

అయిపోయింది, ఇక ఇన్నాళ్ళదీ కలిపి అనేస్తుంది అనుకున్నాను. దీనికోసమా అంటుంది. అంటే తప్పేముంది? ఎద్దుల మెడపట్టీలు చప్పుడు చేస్తున్నాయి. అమ్మ రోడ్డు వంక చూసింది, తరవాత ఆయన చేతుల వంక చూసింది.

"ఇట్టాంటి పెట్టెలు జగ్గయ్యపేటలో ఎక్కడ దొరుకుతాయో, బేబికి తెలుసేమో అడగాల" అంది.

నాన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి పుల్లయ్య తాత పగ్గాలు బిగించి బండి ఆపబోయాడు.

"నువ్వు పోనీ తాతా" అన్నాన్నేను.